బకెట్ సీటు బిగించే ముందు బెల్టు బకిల్ ఎక్కడుందో చూడండి

ప్రశ్న: నాది 2015 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీడీఐ. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, ఇంజిన్ అంటే ప్రాణం. ఉద్యోగం హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు విజయవాడలో. నెలకు రెండుసార్లు వెళ్లొస్తాను. సూర్యాపేట దాటేసరికి నడుం పట్టేస్తోంది. ఒక స్నేహితుడు తన కారులోంచి తీసిన స్పోర్ట్ బకెట్ సీట్లు జత 28 వేలకు ఇస్తానంటున్నాడు. వీపు వెనక్కి వాలని రకం. విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన వెల్డర్ ఒక్క పూటలో ఫ్రేమ్ చేసి బిగిస్తానన్నాడు. వాటితో పాటు రేసు కార్లలో ఉండే నాలుగు పట్టీల బెల్టు కూడా వేయిద్దామనుకుంటున్నాను. ఇదే కారు నా భార్య కూడా నడుపుతుంది. నాలుగేళ్ల పాప వెనక కూర్చుంటుంది. బిగించుకోవచ్చా? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ జత కొనకండి. మీకు స్పోర్ట్ సీటు మీద మనసుంటే వేసుకునే దారి ఉంది, అది కింద చెబుతాను. కానీ వెనక్కి వాలని ఆ బకెట్ సీట్లు, ఒక్క పూటలో అయ్యే వెల్డింగు, నాలుగు పట్టీల బెల్టు, ఈ మూడూ పాప ఎక్కే కారుకు పనికిరావు. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే షాపులో ఎవరూ ఇంతసేపు కూర్చుని చెప్పరు.

ముందు కారు దగ్గరికి వెళ్లి ఒక చిన్న పని చేయండి. డ్రైవర్ సీటును ముందుకు జరిపి చూడండి, తర్వాత వెనక్కి జరపండి. బెల్టు గుచ్చే బకిల్ సీటుతో పాటే కదులుతుంది. అంటే ఆ బకిల్ కారు నేలకు కాకుండా సీటు ఫ్రేముకే బిగించి ఉంది. ఇప్పటి కార్లలో చాలావాటికి ఇదే పద్ధతి. యాక్సిడెంట్ అయినప్పుడు బెల్టు మీ శరీరాన్ని ఆపుతుంది, ఆ బెల్టు ఒక చివరను పట్టుకుని ఉండేది సీటు, ఆ సీటును పట్టుకుని ఉండేవి కింద నాలుగు బోల్టులు. కాబట్టి సీటు మార్చడమంటే బెల్టును కూడా మార్చినట్టే. స్పోర్ట్ సీట్ల గురించి నేను చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

బలం ఎంత కావాలో లెక్క చూడండి. గట్టిగా గుద్దుకున్నప్పుడు శరీరం మీద గురుత్వాకర్షణకు 20 రెట్ల బలం పడితే, 70 కిలోల మనిషి ఆ క్షణంలో 1,400 కిలోల బరువుతో ముందుకు తోసుకుపోతాడు. అందుకే యూరప్‌లో పాటించే ఐక్యరాజ్యసమితి నిబంధనల్లో బెల్టు బిగింపులను పరీక్షించేటప్పుడు ఛాతీ పట్టీని దాదాపు 1,350 కిలోల బలంతో, నడుము పట్టీని అంతే బలంతో ఒకేసారి లాగుతారు. బకిల్ సీటుకే ఉన్న కార్లలో ఆ సీటు బరువుకు 20 రెట్లు కూడా కలిపి లాగుతారు. కంపెనీ సీటు, దాని రెయిళ్లు ఇలాంటి పరీక్షకు నిలబడాలన్న లెక్కతో తయారవుతాయి. మూడు మిల్లీమీటర్ల రేకు ముక్కలు కోసి, ఎల్ ఆకారంలో వంచి, నాలుగు చోట్ల టాక్ కొట్టిన (అంటే చుక్కల్లా వెల్డింగు పెట్టిన) ఫ్రేము ఎంత లాగుడు తట్టుకుంటుందో ఆ వెల్డర్‌కూ తెలియదు, మీకూ తెలియదు. ఆయన పనిమంతుడే కావచ్చు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ల చేతి పనితనం మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ చేసిన ఫ్రేమును పరీక్షించే యంత్రం అక్కడ లేదు. మొదటి పరీక్ష రోడ్డు మీద, మీరు అందులో కూర్చుని ఉండగా జరుగుతుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. చాలా ఏళ్ల కింద నా పాత మారుతి జెన్ కారుకు ఇలాగే ఒక వర్క్‌షాపులో ఫ్రేము చేయించి బకెట్ సీటు వేయించుకున్నాను. చూడడానికి అద్భుతంగా ఉండేది. ఒకరోజు నందిగామ దగ్గర ముందు లారీ హఠాత్తుగా ఆగితే గట్టిగా బ్రేకు తొక్కాను. సీటు కుడివైపు అలాగే ఉండి, ఎడమవైపు మాత్రం అంగుళం పైగా ముందుకు జరిగింది. నా ఒళ్లంతా మెలి తిరిగి మోకాలు స్టీరింగ్ కింద కొట్టుకుంది. కారు ఆగింది కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చి సీటు విప్పితే రెండు సంగతులు బయటపడ్డాయి. సీటును ముందుకూ వెనక్కీ జరిపే స్లైడర్‌కు ఒక్క వైపే లాక్ ఉంది. వెనక మూల వెల్డింగు దగ్గర వెంట్రుకంత సన్నని పగులు అప్పటికే పడి ఉంది. ఆ రోజు గుద్దుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మీ కారు గురించి ఒక మాట. 2014 జనవరిలో కార్ల భద్రతను పరీక్షించే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ మన దేశంలో అమ్మే కొన్ని కార్లను గుద్దించి చూసింది. ఎయిర్‌బ్యాగులు లేని పోలోకు పెద్దల రక్షణలో సున్నా వచ్చింది, రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు నాలుగు స్టార్లు వచ్చాయి. ఆ తర్వాత ఫోక్స్‌వ్యాగన్ అన్ని పోలోలకూ ఎయిర్‌బ్యాగులు ఇచ్చింది. మీ 2015 బండి ఆ మార్పు తర్వాతదే. అయితే ఆ నాలుగు స్టార్లు కంపెనీ సీటు, కంపెనీ బెల్టు, ఎయిర్‌బ్యాగు మూడూ కలిసి పనిచేస్తే వచ్చినవి. ఎయిర్‌బ్యాగు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో మీ ఛాతీని అందుకోవాలో కంపెనీ సీటు కూర్చోబెట్టే చోటును బట్టి నిర్ణయించారు.

ఒక విషయంలో మీరు అదృష్టవంతులు. మీ పోలోలో ఎయిర్‌బ్యాగులు స్టీరింగ్‌లో, డ్యాష్‌బోర్డులో ఉన్నాయి, సీటులో లేవు. ఇప్పుడొచ్చే ఆరు ఎయిర్‌బ్యాగుల కార్లలో పక్క ఎయిర్‌బ్యాగు సాధారణంగా ముందు సీటు వీపులోనే, డోరు వైపు ఉంటుంది. ఆ సీటు తీసేస్తే ఆ ఎయిర్‌బ్యాగు పోయినట్టే. డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలగకుండా కొందరు ఆ వైర్ల మధ్య ఒక రెసిస్టర్ పెట్టి కంప్యూటర్‌ను నమ్మిస్తారు. లైటు ఆరుతుంది, ఎయిర్‌బ్యాగు మాత్రం ఉండదు. తర్వాత ఆ కారు కొన్నవాళ్లకు ఆ సంగతి తెలియడం చాలా కష్టం. అలాంటి కార్లు ఉన్న స్నేహితులు మీ దగ్గరికి సలహాకొస్తే ఖరాఖండిగా వద్దని చెప్పండి. సీటు కవరు వేయించినా, ఎయిర్‌బ్యాగు వైపు కుట్టు చిరిగి తెరుచుకునేలా చేసిన కవరే వేయించాలి.

ఇప్పుడు వెనక్కి వాలని బకెట్ సీటు సంగతి. రేసు ట్రాక్ మీద దాని పని వేరు. అక్కడ డ్రైవర్ ఒక్కడే ఉంటాడు, హెల్మెట్ ఉంటుంది, చుట్టూ రోల్ కేజ్, అంటే పల్టీ కొట్టినా పైకప్పు నలగకుండా ఆపే ఇనుప గొట్టాల చట్రం ఉంటుంది. మీ కారులో వెనక పాప కూర్చుంటుంది. కంపెనీ సీటు వీపు వెనక భాగం కూడా మెత్తగా ఉంటుంది, వెనకున్నవాళ్ల తల, మోకాళ్లు తగిలితే దెబ్బ తగ్గాలని. యూరప్ సీట్ల నిబంధనల్లో దానికీ పరీక్ష ఉంది. బకెట్ సీటు వెనక వైపు ఫైబర్ గ్లాసు పెంకు ఉంటుంది, లేదా ఇనుప గొట్టాల మీద పలచని గుడ్డ ఉంటుంది. పాప చైల్డ్ సీటులోనే ఉన్నా, యాక్సిడెంట్‌లో పిల్లల తల, కాళ్లు మనం ఊహించనంత ముందుకు వస్తాయి. అవి ఆ గట్టి పెంకుకు తగలడం నేను ఊహించుకోలేను. ఈ ఒక్క కారణం చాలు నాకు, ఆ జత వద్దనడానికి.

ఇంకోటి, మీ భార్య కూడా నడుపుతారు అన్నారు. మీ ఇద్దరి ఎత్తు వేరు, నడుం కొలత వేరు. మీ జీటీలో డ్రైవర్ సీటు ఎత్తు పెంచుకునే లివర్ ఉంటుంది. బకెట్ సీటు వేస్తే అది పోతుంది. మీకు సరిగ్గా పట్టే పెంకు ఆవిడకు వదులుగా ఉంటుంది, లేదా తొడల దగ్గర ఒత్తుతుంది. రోడ్డు కనిపించక దిండు వేసుకుని నడపాల్సి వస్తే, ఆ దిండు మీద నడుము పట్టీ కడుపు మీదికి జారుతుంది. అది చాలా ప్రమాదం. పట్టీ ఎప్పుడూ తుంటి ఎముక మీదే ఉండాలి.

నాలుగు పట్టీల బెల్టు గురించి మాత్రం నేను కొంచెం గట్టిగానే చెబుతాను: వేయించకండి. భుజాల మీంచి వెళ్లే పట్టీలు వెనక్కి దాదాపు అడ్డంగా పోవాలి. అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్ సమాఖ్య ఎఫ్ఐఏ నిబంధనల ప్రకారం అవి 45 డిగ్రీల కంటే ఎక్కువ కిందికి వాలకూడదు, 10 డిగ్రీలు దాటకపోతే మంచిదంటారు. రోల్ కేజ్ లేని పోలోలో వాటిని కట్టడానికి అంత ఎత్తులో చోటు లేదు, అందుకని వెనక సీటు కింద నేలకు కడతారు. గుద్దుకున్నప్పుడు అవి భుజాలను కిందికి నొక్కి వెన్నుపూసను చిదిమేస్తాయి. కాళ్ల మధ్య పట్టీ లేదు కాబట్టి శరీరం నడుము పట్టీ కింద నుంచి జారుతుంది కూడా. కారు పల్టీ కొడితే మామూలు బెల్టులో ఒళ్లు పక్కకు వంగే వీలుంటుంది. నాలుగు పట్టీల్లో నిటారుగా బిగుసుకుని ఉంటారు, పైకప్పు నలిగితే తల తప్పించుకునే దారి ఉండదు.

ఇక నడుం నొప్పి. నిజానికి మీ ఉత్తరంలో నాకు అసలు సమస్య అదే అనిపించింది. కొత్త సీటుకు డబ్బు పెట్టేముందు ఈ వారం ఒక ప్రయోగం చేయండి. తుంటి పూర్తిగా వెనక్కి, సీటు మూలకు ఆనేలా కూర్చోండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగి ఉండేంత దగ్గరికి సీటు జరపండి. భుజాలు వీపుకు ఆనించే ఉంచి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి, అలా పడేదాకా వీపును నిటారు చేయండి. మనలో చాలామంది సీటు బాగా వెనక్కి వాల్చుకుని, చేతులు చాచి నడుపుతారు. ఆ భంగిమలో నడుం వంపుకు ఆసరా ఉండదు, గంటన్నరలో పట్టేస్తుంది. జేబులో పర్సు తీసేయండి. హెడ్‌రెస్ట్ పైఅంచు మీ తల పైభాగంతో సమానంగా పెట్టండి. రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వేయండి. 270 కిలోమీటర్ల దారిలో ఒక్కసారి ఆగితే పోయేదేమీ లేదు. పదేళ్లు దాటిన కారు కాబట్టి సీటులో స్పాంజి కూడా ఒక వైపు కుంగి ఉంటుంది. మంచి కుషన్ షాపులో కంపెనీ ఫ్రేము అలాగే ఉంచి స్పాంజి మార్పించి, పక్క గట్లు కాస్త ఎత్తు చేయించుకోవచ్చు. మీ సీటులో ఎయిర్‌బ్యాగు లేదు కాబట్టి ఈ పని నిశ్చింతగా చేయించుకోవచ్చు. చాలామందికి ఇక్కడితో బాధ తీరిపోతుంది. ఇవన్నీ చేసినా నొప్పి తగ్గకపోతే, సీటు షాపు కంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అప్పటికీ స్పోర్ట్ సీటు కావాలనిపిస్తే, ఆ కోరిక నాకు అర్థమవుతుంది. మంచి సీటు ఒంటిని పట్టి ఉంచితే స్టీరింగ్‌ను ఆసరా కోసం పట్టుకునే అవసరం ఉండదు, మలుపులో కారు ఏం చేస్తోందో తుంటి దగ్గరే తెలుస్తుంది. 1965లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో సీట్ల కంపెనీ రెకారో తన స్పోర్ట్ సీటును చూపించినప్పటి నుంచి ఈ ముచ్చట ఉన్నదే. మీకు కావాల్సింది వీపు వాలే రకం, రోడ్డు వాడకానికి ఆమోదం ఉన్న స్పోర్ట్ సీటు. రెకారో, స్పార్కో లాంటి కంపెనీలు ఇలాంటివి చేస్తాయి. దాని మీద లేబుల్ వెతకండి: ఒక వలయంలో ఈ (E) అనే ఇంగ్లిష్ అక్షరం, పక్కన ఆమోదించిన దేశం అంకె, ఆ కింద నంబరు ఉంటాయి. జర్మనీ అయితే ఈ1, ఇటలీ అయితే ఈ3. ఎఫ్ఐఏ లేబుల్ చూసి మురిసిపోకండి. అది రేసులకు ఇచ్చే ఆమోదం, పైగా 8855-1999 ప్రమాణం సీట్లకు తయారైన ఏడాది నుంచి ఐదేళ్లే గడువు. లేబుల్ లేని సీటు, లేబుల్ గీకేసిన సీటు, గుద్దుకున్న కారులోంచి తీసిన సీటు ఎంత చవకైనా తీసుకోకండి. పేరున్న బ్రాండ్లకు నకిలీలు చాలా ఉన్నాయి, కుట్లు, లోగో అచ్చం అలాగే ఉంటాయి, లోపలి ఇనుము వేరు.

కొనేముందు ఆ సీటులో అరగంట కూర్చోండి. అయిదు నిమిషాలు అన్ని సీట్లూ బాగానే ఉంటాయి. మీ భార్యను కూడా కూర్చోబెట్టండి. తొడల దగ్గర, భుజాల దగ్గర ఒత్తిడి ఉందేమో అడగండి. మన ఎండలకు రెక్సిన్ కంటే గుడ్డ సీటు మేలు.

బేస్ ఫ్రేము మీ పోలో మోడల్ కోసమే తయారైనది కావాలి. అన్ని కార్లకూ సరిపోతుందని అమ్మేది వద్దు. కారు నేల మీదున్న నాలుగు అసలు రంధ్రాల్లోనే అది కూర్చోవాలి. నేలకు కొత్త రంధ్రం వేస్తానంటే అక్కడి నుంచి కారు తీసుకుని వచ్చేయండి. అక్కడి రేకు సన్నగా ఉంటుంది, లాగితే బోల్టుతో పాటే చిరిగి వస్తుంది, దానికి తోడు తుప్పు. స్లైడర్‌కు రెండు వైపులా లాక్ ఉండాలి, నా జెన్ కథ గుర్తుంచుకోండి. బోల్టు తల మీద దాని బలాన్ని చెప్పే 8.8 లేదా 10.9 అని అంకె ఉంటుంది. అసలు బోల్టు మీద ఏది ఉందో, కొత్తదాని మీద అంతకు తక్కువ ఉండకూడదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే అంకెలు లేని బోల్టు పనికిరాదు.

బిగించే రోజు బ్యాటరీ నెగటివ్ తీగ తీసి పది నిమిషాలు ఆగండి. సీటు కింద పసుపు రంగు కనెక్టరు ఉంటే అది ఎయిర్‌బ్యాగు వ్యవస్థకు చెందింది, దాన్ని లాగకుండా లాక్ నొక్కి మెల్లగా విప్పాలి. కనెక్టర్లు విప్పి ఉండగా కీ ఆన్ చేయకండి, చేస్తే ఎర్ర లైటు వెలిగి స్కానర్‌తో తీయించాల్సి వస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ బోల్టులకు మామూలు పానా పట్టకపోవచ్చు, స్టార్ బిట్టో స్ప్లైన్ బిట్టో కావాలి. తప్పు బిట్టుతో తల అరగదీస్తే ఆ రోజంతా దానితోనే సరి.

పాత సీటు బకిల్‌నే కొత్త సీటుకు మార్చాలి, దాని అసలు బోల్టుతోనే. బకిల్ మెలి తిరగకూడదు, పక్క గట్టు కింద ఇరుక్కోకూడదు. బెల్టు పెట్టుకుని చూడండి. నడుము పట్టీ గట్టు మీంచి ఎగిరి వంతెనలా పోతే ఆ సీటు మీకు సరిపోనట్టే, ఎందుకంటే ఆ ఖాళీ అంతా గుద్దుకున్నప్పుడు మీరు ముందుకు పోయే దూరం. బెల్టు హెచ్చరిక తీగ కూడా తిరిగి కలపండి.

అందరూ మరిచిపోయే ఇంకో కొలత ఉంది. సీటు మధ్య గీత, స్టీరింగ్ మధ్య బిందువు ఎదురెదురుగా ఉన్నాయా అని టేపు పెట్టి చూడండి. ఫ్రేము రెండంగుళాలు పక్కకు పోయినా నడుం కొంచెం తిరిగే ఉంటుంది. అప్పుడు నొప్పి తగ్గాలని వేసిన సీటే నొప్పి తెస్తుంది. తలకూ పైకప్పుకూ మధ్య కనీసం పిడికిలి పట్టాలి.

బోల్టులు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగించామో కొలిచే పానాతో), సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెకే బిగించమనండి. చేతి అంచనా వద్దు. బిగించాక ప్రతి బోల్టు తల మీంచి ఫ్రేము మీదికి పెయింట్‌తో ఒక గీత గీయండి, వదులైతే గీత చెదిరి కనిపిస్తుంది. వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడండి, ఆపైన ప్రతి సర్వీసుకూ.

కాగితాల సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణలో చేరిన 182ఎ కింద అనుమతి లేని మార్పుకు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మీ ఆర్సీలో ఐదు సీట్లని ఉంటుంది, కాబట్టి వెనక సీటు తీసే ఆలోచన అసలే వద్దు. ముందు సీటు మార్చే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఉత్తరం రాసి, జవాబు రాతలో తీసుకోండి. ఫోన్లో ఎవరో సరే అన్నది క్లెయిమ్ రోజున పనికిరాదు.

మార్చదలిస్తే డ్రైవర్ సీటు ఒక్కటే మార్చండి. పక్క సీటు కంపెనీదే ఉంచితే మీ భార్య ప్రయాణంలో హాయిగా కూర్చోవచ్చు, మీకు ఖర్చు సగమవుతుంది. తీసిన సీటును బోల్టులతో సహా పాత దుప్పటిలో చుట్టి తడి లేని చోట నిలబెట్టండి, మీద బరువు పెట్టకండి. కారు అమ్మే రోజు అది మళ్లీ లోపలికి వెళ్లాలి.

సీటు దొరికాక డబ్బు ఇచ్చేముందు మూడు ఫోటోలు పంపండి: లేబుల్, కింద స్లైడర్ రెండు వైపులా కనిపించేలా ఒకటి, మీరు బెల్టు పెట్టుకుని కూర్చున్నది ఒకటి. చూసి జవాబు రాస్తాను.